సూది మొన తెర మీద కనిపిస్తోందా?

విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ నాలుగడుగులు నడిస్తే ఆసుపత్రి బోర్డుల మీద ఒకటే మాట రకరకాల రంగుల్లో కనిపిస్తుంది: కోత లేదు, కుట్లు లేవు, మర్నాడే ఇంటికి వెళ్లిపోవచ్చు. ఇందులో అబద్ధం లేదు. మూత్రపిండంలో రాయి, కాలేయంలో చీము, గుండె రక్తనాళంలో అడ్డంకి, కాలి మీద ఉబ్బిన నరాలు, ఊపిరితిత్తిలో అనుమానపు గడ్డ - ఒకప్పుడు కత్తి పట్టక తప్పని పనుల్లో చాలా భాగం ఇప్పుడు సూదితోనో సన్నని గొట్టంతోనో అయిపోతున్నాయి. నొప్పి తక్కువ, రక్తం పోవడం తక్కువ, మంచం పట్టి ఉండే రోజులు తక్కువ. రోజు కూలి మీద బతికే ఇంటికి ఈ చివరిది అన్నిటికంటే పెద్ద లాభం.

బోర్డు మీద రాయని సంగతి ఒకటుంది. పొట్ట తెరిచి చేసే ఆపరేషన్‌లో అవయవమూ, దాని పక్కనున్న రక్తనాళమూ, కారుతున్న రక్తమూ సర్జన్‌కు కళ్లెదుటే ఉంటాయి. అనుమానం వస్తే వేలితో తడిమి చూసుకోవచ్చు. చర్మం మీద రెండు మూడు మిల్లీమీటర్ల చిల్లు పెట్టి లోపల పని చేసేటప్పుడు ఆ చూపూ ఉండదు, ఆ స్పర్శా ఉండదు. పోయిన చూపును అల్ట్రాసౌండో, ఎక్స్‌రే తెరో, సీటీ స్కానో తిరిగి తెచ్చివ్వాలి. కోత ఎంత తగ్గితే చిత్రం మీద ఆధారం అంత పెరుగుతుంది. కాబట్టి రోగి కుటుంబం తెలుసుకోవలసింది ఆసుపత్రిలో ఎన్ని యంత్రాలున్నాయన్నది కాదు. సూది లోపలికి దిగుతున్న క్షణంలో దాని మొన తెర మీద కనిపిస్తోందా, ఆ తెరను చదవడం సూది పట్టిన చేతికి అలవాటేనా అన్నది.

ఈ తేడా ఎంత పెద్దదో ఛాతీలో నీరు తీసే చిన్న పనిలోనే తెలుస్తుంది. చాలా చోట్ల జరిగే పద్ధతి ఇది. రోగిని ట్రాలీ మీద స్కాన్ గదికి పంపుతారు. రేడియాలజిస్టు కూర్చోబెట్టి, వీపు మీద ప్రోబు (స్కాన్ యంత్రంలో ఒంటికి ఆనించే భాగం) ఆనించి, నీరు ఎక్కువగా ఉన్న చోట పెన్నుతో ఇంటూ గుర్తు పెడతారు. లోతు ఇన్ని సెంటీమీటర్లని కాగితం మీద రాస్తారు. గంటో రెండు గంటలో గడిచాక వార్డులో మరో డాక్టరు ఆ గుర్తు మీద సూది దించుతారు. ఈలోగా రోగి పడుకున్నాడు, లేచాడు, పక్కకు ఒత్తిగిల్లాడు. ఛాతీలో నీరు ఒకచోట నిలిచి ఉండదు. కూర్చుంటే కిందికి దిగుతుంది, పడుకుంటే వీపు పొడవునా పరుచుకుంటుంది. చర్మమూ కదులుతుంది, చెయ్యెత్తి కూర్చున్నప్పుడు పెట్టిన గుర్తు, చెయ్యి దించగానే మరో పక్కటెముక మీదికి జారుతుంది. ఆ గుర్తు కింద ఇప్పుడు నీరే ఉందో, ఊపిరితిత్తే ఉందో, కుడివైపయితే కాలేయమే ఉందో గుచ్చేదాకా తెలియదు.

నీరు బాగా ఎక్కువగా ఉంటే ఈ పద్ధతిలో పెద్దగా ప్రమాదం లేదు. కొద్దిగా ఉన్నప్పుడు, గదులు గదులుగా పేరుకున్నప్పుడు ఉంది. ఊపిరితిత్తుల డాక్టర్ల సంఘమైన బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ 2010లోనే ఈ మాట తేల్చింది: నీరు పెద్ద మొత్తంలో ఉన్న సందర్భాల్లో తప్ప, స్కాన్ గదిలో గుర్తు పెట్టి మరెక్కడో గుచ్చే పద్ధతిని సిఫారసు చేయబోమని చెప్పింది. కేసు షీటులో మాత్రం రెండు పద్ధతులకూ ఒకే మాట రాస్తారు, స్కాన్ సాయంతో నీరు తీశామని. బిల్లులోనూ తేడా కనిపించదు.

మెడ సిర దగ్గరికి వస్తే అల్ట్రాసౌండు లాభం మరింత స్పష్టం. మూత్రపిండాలు చేతులెత్తేసి మొదటిసారి హఠాత్తుగా డయాలిసిస్ అవసరమైన రోగికి సాధారణంగా మెడ కుడివైపు జుగులర్ సిరలో లావుపాటి గొట్టం వేస్తారు. ఐసీయూలో మందులెక్కించడానికీ అదే దారి. ఆ సిరను ఆనుకునే మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని ఉంటుంది. పాత పద్ధతిలో మెడ కండరం రెండుగా చీలే చోటును వేలితో పట్టుకుని, ధమని కొట్టుకోవడాన్ని తడిమి, దాని బయటి పక్కగా అంచనా మీద గుచ్చేవారు. పుస్తకంలో బొమ్మ ఉన్నట్టే ప్రతి మెడా ఉంటే ఇబ్బంది లేదు. కొందరిలో సిర సన్నగా ఉంటుంది, కొందరిలో ధమని పైకే ఎక్కి కూర్చుంటుంది, ఇంతకుముందు గొట్టాలు వేసినవారిలో రక్తం గడ్డకట్టి మూసుకుపోయి ఉంటుంది. బిగువుగా కొట్టుకోవలసిన ధమని కూడా బీపీ పడిపోయిన రోగిలో వేలికి అందదు.

ప్రోబు పెట్టి చూస్తే తెర మీద రెండు నల్లని గుండ్రాలు కనిపిస్తాయి. ప్రోబుతో కాస్త నొక్కితే వాటిలో ఒకటి నలిగి గీతలా అయిపోతుంది. అది సిర. ఎంత నొక్కినా గుండ్రంగానే ఉండి టకటక కొట్టుకునేది ధమని. ఈ పరీక్షకు పది సెకన్లు చాలు. తర్వాత సూది మొన సిర పైగోడను ఆనినప్పుడు గోడ లోపలికి సొట్టపడి, మొన దూరగానే తిరిగి యథాస్థితికి వస్తుంది, చూస్తూనే గుచ్చవచ్చు. 2015లో కొక్రేన్ సంస్థ జుగులర్ సిర మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కూడగట్టి చూసింది. అంచనా పద్ధతితో పోలిస్తే అల్ట్రాసౌండు వాడినప్పుడు మొత్తం ఇబ్బందులు 71 శాతం, పొరపాటున ధమనిలో గుచ్చుకోవడం 72 శాతం తగ్గాయి. తొలి ప్రయత్నంలోనే సిర దొరికిన సందర్భాలు 57 శాతం పెరిగాయి. ఖరీదైన మందు ఏదైనా ఇంత మేలు చేస్తే పత్రికల్లో మొదటి పేజీ వార్త అయ్యేది.

అదే ఏడాది కొక్రేన్ ఇచ్చిన మరో నివేదికలో ఇంకో కబురూ ఉంది, దాన్ని తక్కువమంది ప్రస్తావిస్తారు. మెడ కింద భుజం దాకా సాగే ఎముక (కాలర్ బోన్) కింది సిరకూ, తొడ సిరకూ ఇంతటి లాభం కనిపించలేదు. ఎముక కింద దాగిన సిరను అల్ట్రాసౌండు సరిగా చూడలేదు. ధ్వని తరంగాలు ఎముకనూ గాలినీ దాటలేవు. చిత్రం సాయం ఎక్కడైనా ఒకే కొలతలో దొరుకుతుందనుకోవడం పొరపాటు.

పనితనం లేని చేతిలో చిత్రం లేనిపోని ధీమా ఇస్తుంది కూడా. అల్ట్రాసౌండు ప్రోబు వెడల్పుగా కనిపించినా అది చూసే పొర మందం కొద్ది మిల్లీమీటర్లే. తలుపు సందులోంచి గది లోపలికి తొంగి చూసినట్టే. ఆ సందుకు ఎదురుగా ఉన్నది తప్ప మిగతాదేదీ కంటపడదు. సూదిని ఆ పొరకు అడ్డంగా దించితే తెర మీద ఒక తెల్లని చుక్క వెలుగుతుంది. అది మొనా, మొన ఎప్పుడో దాటిపోయాక మిగిలిన సూది ఒళ్లా అన్నది ఆ చుక్కను చూసి చెప్పలేం. చుక్క సిర మధ్యలో మెరుస్తుంటుంది, మొన మాత్రం సిర వెనక గోడను చీల్చి ధమనిలో ఉంటుంది. అందుకే అనుభవమున్నవారు సూదిని పొర వెంటే, పొడుగునా కనిపించేలా నడుపుతారు, లేదా ప్రోబును ముందుకు జరుపుతూ చుక్క మాయమయ్యే చోటును వెతుకుతారు. చుక్క మాయమైన చోటే మొన. ఈ కిటుకు చెయ్యి తిరిగితేనే వస్తుంది, ఒక్కరోజు వర్క్‌షాపుతో రాదు.

శుభ్రత విషయం చిన్నదిగా అనిపిస్తుంది గానీ కాదు. ప్రోబు మీద స్టెరైల్ (క్రిములు లేని) తొడుగు, విడి ప్యాకెట్లలో వచ్చే స్టెరైల్ జెల్ లేకుండా సూది గుచ్చకూడదు. మన స్కాన్ గదుల్లో జెల్ ఐదు లీటర్ల డబ్బాల్లో వస్తుంది, ఖాళీ సీసాల్లోకి మళ్లీ మళ్లీ నింపుకుంటారు. గర్భిణి పొట్ట మీద పూయడానికి అది సరిపోతుంది. మెడ సిరలోకి దారి తీసే సూది పక్కన కాదు. 2021లో అమెరికాలో అల్ట్రాసౌండు జెల్ ద్వారానే బర్ఖోల్డేరియా అనే బాక్టీరియా రోగుల రక్తంలోకి చేరింది. ఆ జెల్‌ను మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు.

మరి ప్రతి ఐసీయూలో మంచం పక్కన ఒక అల్ట్రాసౌండు ఎందుకు ఉండదు? ధర ఒక కారణం. మన దగ్గర చట్టం మరో కారణం. ఆడపిల్లల పిండాలను తొలగించే ఘోరాన్ని అరికట్టడానికి 1994లో వచ్చి, 2003లో బిగిసిన గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి యంత్రమూ నమోదు కావాలి. చేతిలో పట్టుకు తిరిగే యంత్రాన్ని నమోదైన ఆవరణ దాటించడం సాధారణంగా కుదరదు. మెడ సిర చూడటానికి కొన్న యంత్రమైనా గర్భాన్ని చూడగలదు కనుక నిబంధన దానికీ వర్తిస్తుంది. చట్టం అవసరాన్ని ఎవరూ కాదనలేరు. అయితే దాని నీడలో ఒక అలవాటు పాతుకుపోయింది: యంత్రాన్ని స్కాన్ గదికే కట్టేసి, రోగినే అక్కడికి తోసుకెళ్లడం, గుర్తు పెట్టించుకురావడం. నమోదైన ఆసుపత్రి లోపల, చేరిన రోగి మంచం పక్కకు యంత్రాన్ని తీసుకెళ్లవద్దని చట్టం అనలేదు. కాగితాల భయంతో ఆసుపత్రులే ఆ గీత గీసుకున్నాయి. మత్తు డాక్టర్లూ ఐసీయూ డాక్టర్లూ ఈ సంగతి మీద యాజమాన్యాలతో ఎన్నాళ్లుగానో పోట్లాడుతూనే ఉన్నారు.

ఇక ఎక్స్‌రే తెర. రక్తనాళాల పనులు చేసే క్యాథ్ ల్యాబులోనూ, సి ఆకారంలో ఉండి అటూ ఇటూ వంగే ఎక్స్‌రే యంత్రమైన సి-ఆర్మ్ కిందా జరిగే పనులన్నీ దీని మీదే నడుస్తాయి. రక్తనాళాన్ని లోపలినుంచే వెడల్పు చేయవచ్చని మొదట చేసి చూపింది సర్జన్ కాదు, రేడియాలజిస్టు. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 82 ఏళ్ల మహిళ కాలి వేళ్లు కుళ్లిపోయి వచ్చింది. కాలు తీసేయాలన్నారు, ఆమె ఒప్పుకోలేదు. చార్లెస్ డాటర్ తొడ ధమనిలోకి ఒకదాని మీద ఒకటి లావవుతూ పోయే గొట్టాలను ఎక్స్‌రేలో చూస్తూ దూర్చి దారి చేశారు. కాలు బతికింది. పదమూడేళ్ల తర్వాత, 1977 సెప్టెంబరులో, జూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అదే ఆలోచనను బెలూన్‌తో గుండె ధమనిలోకి తీసుకెళ్లారు. మధుమేహంతో పాదం నల్లబడిన రోగి కాలు తీయక ముందు ఒకసారి యాంజియో చేయించి చూడమని ఇవాళ గుంటూరు డాక్టరు చెబుతున్నారంటే, ఆ మాటకు మూలం కాలు వదులుకోనన్న ఆ ముసలమ్మ పట్టుదలే.

ఎక్స్‌రే తెరకు ఒక పుట్టు లోపం ఉంది: అది నీడ. నీడకు లోతు తెలియదు. ఎండలకు పెట్టింది పేరైన కృష్ణా, గుంటూరు, పల్నాడు జిల్లాల్లో కిడ్నీ రాళ్ల కేసులకు కొదవ లేదు. పెద్ద రాయిని వీపు వైపునుంచి చిన్న రంధ్రం చేసి తీసే పద్ధతిని 1976లో స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ ప్రకటించారు. మూత్రపిండంలో ఏ గదిలోకి సూది వెళ్లాలన్నది ముందుగా లోపలికి ఎక్కించిన, ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించే కాంట్రాస్టు మందు చూపిస్తుంది. ఎంత లోతుకన్నది ఒక్క కోణంలో తెలియదు కాబట్టి సి-ఆర్మ్‌ను పక్కకు వంచి రెండో కోణంలోనూ చూస్తారు. మొదటి కోణంలో సూది మొన సరిగ్గా రాయి మీదే ఉన్నట్టు కనిపిస్తుంది, వంచి చూస్తే రెండు సెంటీమీటర్లు పైన గాలిలో వేలాడుతుంటుంది. పైగా దారిలో అడ్డుగా ఉన్న పెద్దపేగు మామూలు ఎక్స్‌రే తెర మీద తేలిగ్గా పోల్చుకోగలిగేది కాదు. అల్ట్రాసౌండులో చాలాసార్లు కనిపిస్తుంది. అందుకే కొందరు యూరాలజిస్టులు సూది దించడం అల్ట్రాసౌండుతో, తర్వాతి పని సి-ఆర్మ్‌తో చేస్తారు. రెండిటినీ కలిపి వాడే చేతిని ఒక్కదానికే అతుక్కుపోయిన చేతికంటే ఎక్కువ నమ్మవచ్చు.

నడుం నొప్పికి వెన్నులో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ చిత్రం లేకపోయినా పని అయిపోయినట్టే కనిపిస్తుంది. మిరప కోతల కాలం ముగిసేసరికి నడుం వంచి వంచి, కాలు కిందికి లాగే నొప్పితో వచ్చే ఆడవాళ్లు గుంటూరు ఎముకల ఆసుపత్రుల్లో బారులు తీరుతారు. మందులకూ వ్యాయామానికీ లొంగని కొందరికి నరం మొదట్లో మందు వేస్తే కొన్ని వారాలో నెలలో ఉపశమనం దొరుకుతుంది. చేతి అంచనాతో వేసినప్పుడు అనుభవమున్నవారి సూది కూడా నాలుగింట ఒకసారి అనుకున్న పొరలో ఉండదని పాత అధ్యయనాలు చెబుతున్నాయి. మందు కండరంలో పడినా నాలుగు రోజులు హాయిగానే ఉంటుంది, మత్తుమందు కలుస్తుంది గనక. నొప్పి తిరిగొచ్చాక రోగి ఆ ఇంజెక్షన్ పనిచేయలేదనుకుంటుంది. అది అసలు అక్కడికి చేరనే లేదు.

అంతకంటే భయపడవలసింది మందు రక్తనాళంలోకి పోవడం. మెడ వెన్నులో నరం పక్కనే వెన్నుపాముకు రక్తమిచ్చే సన్నని ధమనులుంటాయి. రేణువులుండే స్టెరాయిడ్ అందులోకి పోతే ఆ రేణువులే అడ్డుపడి పక్షవాతం రావచ్చు. అరుదు, కానీ వచ్చిందంటే తిరుగులేనిది. 2014 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి ఇంజెక్షన్ల మీద హెచ్చరిక జారీ చేసింది. సిరంజి వెనక్కి లాగి రక్తం రాలేదు కనుక రక్తనాళంలో లేదనుకోవడం సరిపోదు. సూది నాళంలోనే ఉండి కూడా రక్తం రాని సందర్భాలు ఎన్నో. ముందు కాస్త కాంట్రాస్టు వేసి, అది కదులుతుండగా తెర మీద చూడాలి. నరం వెంట ముద్దగా పరుచుకుంటే సరైన చోట ఉన్నట్టు. గీతలా పారి క్షణంలో మాయమైతే నాళంలో ఉన్నట్టు, అక్కడే ఆపేయాలి. ఓపీ గదిలో బల్ల మీద కూర్చోబెట్టి మెడలో ఇటువంటి ఇంజెక్షన్ వేస్తామంటే లేచి రావడంలో తప్పులేదు.

ఎక్స్‌రేతో చూడటానికి వెల రేడియేషన్. దీని మీద భయాలూ ఎక్కువే, నిర్లక్ష్యమూ ఎక్కువే. ప్రకృతిలోంచి మనిషికి ఏడాదికి సగటున అందేది సుమారు 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి దాదాపు 0.02. గుండె యాంజియోగ్రామ్ సుమారు 7, స్టెంటు కూడా వేస్తే 15 ప్రాంతం. క్లిష్టమైన కేసుల్లో ఇంకా పైకి పోతుంది. గుండెపోటులో ఉన్న మనిషికి ఇది లెక్కలోకి వచ్చే ముప్పు కాదు. అరవై ఏళ్ల వ్యక్తికి క్యాన్సర్ ముప్పు పెరగడమన్నది ఉన్నా స్వల్పం. ముప్పు మరోచోట ఉంది: ఒకే కోణంలో గంటల తరబడి ఎక్స్‌రే వేస్తే వీపు చర్మం కమిలిపోవచ్చు. చర్మానికి చేరిన మోతాదు 2 గ్రేలు దాటితే ఎర్రబారడం మొదలవుతుంది, మరీ ఎక్కువైతే పుండు పడుతుంది. పెద్ద గాయాలు బయటపడేది వారాల తర్వాత. రోగి చర్మ డాక్టరు దగ్గరికి వెళ్తాడు, పూతమందు తెచ్చుకుంటాడు, రెండు నెలల కిందటి స్టెంటుకూ దీనికీ సంబంధం ఉందని ఇద్దరికీ తట్టదు. 1994లోనే ఎఫ్‌డీఏ ఈ గాయాల గురించి డాక్టర్లను హెచ్చరించింది.

మోతాదు తగ్గించడం పెద్ద విద్యేమీ కాదు. పెడల్ మీద కాలు అవసరమైనప్పుడే వేయడం, చివరి చిత్రాన్ని తెర మీద నిలిపి దాన్ని చూస్తూ ఆలోచించడం, వరసగా కాకుండా విడివిడి మెరుపులుగా కిరణాలు వదిలే పద్ధతికి మార్చడం, కావలసినంత మేరకే కిరణాలను కుదించడం, చిత్రం పట్టే పలకను రోగి ఒంటికి దగ్గరగా తేవడం - ఇవన్నీ యంత్రంలో ఉన్న బటన్లే. చిన్న నర్సింగ్ హోముల్లో విరిగిన ఎముకకు రాడ్డు వేసేటప్పుడు సి-ఆర్మ్ పెడల్‌ను ఎవరు తొక్కుతున్నారో చూస్తే అక్కడి క్రమశిక్షణ తెలిసిపోతుంది. రోగికి ఇది ఏడాదికో జీవితానికో ఒకసారి. పక్కన నిలబడే నర్సుకూ టెక్నీషియన్‌కూ రోజూ. వాళ్లకు చేరేది రోగి ఒంటి మీంచి చెదిరిన కిరణాలు. దూరం రెట్టింపయితే ఆ మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది. రెండడుగులు వెనక్కి జరగడం కూడా రక్షణే. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం ఈ పనివాళ్ల పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. దాన్ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి సీసపు ఏప్రాన్ కింద ఛాతీ మీద ఉండాలి. అది బీరువాలో భద్రంగా ఉన్న చోట కొలత ఎప్పుడూ బ్రహ్మాండంగానే వస్తుంది.

కాంట్రాస్టు మందు గురించి క్లుప్తంగా: అందులో అయోడిన్ ఉంటుంది, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి అది భారం కావచ్చు. ముందే మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడాలి, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే డాక్టరుకు చెప్పాలి, ఇదివరకు ఈ మందుకు దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే అంతకంటే ముందు చెప్పాలి.

లాభం అంతా ఇంతా కాదనిపించే చోట్లు కూడా ఉన్నాయి. కాలేయంలో అమీబా చీముగడ్డ మన డాక్టర్లకు పాత పరిచయం. కల్లు అలవాటున్న మగవాళ్లలో ఎక్కువగా చూస్తారు. జ్వరం, కుడి డొక్కలో నొప్పి, దగ్గితే భుజం దాకా లాగడం. పొట్ట కోసి చీము తీసిన రోజుల్లో ప్రాణాపాయం తప్పేది కాదు. ఇప్పుడు చాలావరకు మందులతోనే తగ్గుతుంది. గడ్డ పెద్దదైనా, పగిలేలా ఉన్నా అల్ట్రాసౌండులో చూస్తూ కొస పందితోకలా మెలి తిరిగిన పిగ్‌టెయిల్ గొట్టాన్ని దించుతారు. ముదురు గోధుమ రంగు చీము సంచిలోకి దిగుతుంటే జ్వరం రెండు మూడు రోజుల్లో దారికొస్తుంది. మనిషి తన కాళ్ల మీద నడుచుకుంటూ మూత్రశాలకు వెళ్తుంటాడు, చేతిలో సంచి పట్టుకుని.

గర్భసంచి గడ్డలకు మాత్రం ఈ లాభం మన ప్రాంతానికి సరిగా అందలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, అప్పటి రాష్ట్రాలన్నిటిలో అదే ఎక్కువ. ఆ ఆపరేషన్లన్నీ గడ్డల కోసం జరిగినవి కావు, అన్నీ అనవసరమైనవీ కావు. అయినా గడ్డకు రక్తమిచ్చే ధమనిని ఎక్స్‌రే తెర మీద చూస్తూ మూసేసే మార్గం 1995 నుంచీ ఉందని ఆ మహిళల్లో ఎందరికి చెప్పి ఉంటారు? అందరికీ పనికిరాదు, పిల్లలు కావాలనుకునేవారి విషయంలో జాగ్రత్త అవసరం. కానీ ఇలాంటిదొకటి ఉందని చెప్పడానికి యంత్రం అక్కర్లేదు. గైనకాలజిస్టు గదికీ రేడియాలజిస్టు గదికీ మధ్య మాటామంతీ ఉంటే చాలు.

గుండె స్టెంట్ల విషయంలో కథ తిరగబడింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకు కళ్లెం వేశాక, ప్రభుత్వ ఆరోగ్య పథకాలూ తోడై, స్టెంటు వేయడం మామూలు విషయమైంది. కానీ వేసిన స్టెంటు గోడకు సరిగా ఆనిందా లేదా అన్నది యాంజియో నీడలో పూర్తిగా తెలియదు. రక్తనాళం లోపలికే చిన్న అల్ట్రాసౌండు తీగనో, కాంతి తీగనో పంపి చూడవచ్చు. ఎడమ ప్రధాన ధమని, పొడవాటి అడ్డంకులు, నాళం రెండు కొమ్మలుగా విడిపోయే చోటి అడ్డంకుల వంటి క్లిష్టమైన కేసుల్లో అలా చూడాలని యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ 2024లో గట్టిగా సిఫారసు చేసింది. ఆ తీగ ఖర్చు అదనం, కుటుంబం మీదే పడవచ్చు. ఒక్క చిన్న అడ్డంకికి అది తప్పనిసరి కాదు. ఎడమ ప్రధాన ధమనిలో స్టెంటు అన్నప్పుడు మాత్రం దాని గురించి అడగకపోతే తప్పు.

చిత్రం మీద ఆధారపడే తరం పాత చేతి విద్యను మరచిపోతోందన్న ఫిర్యాదు సీనియర్ల నోట తరచూ వినిపిస్తుంది. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో, మంగళగిరి ఎయిమ్స్‌లో శిక్షణ పొందే పీజీలు రేపు వినుకొండలోనో తిరువూరులోనో యంత్రం లేని చోట పనిచేయవలసి రావచ్చు. ఫిర్యాదులో నిజం ఉంది, అయితే దాన్ని అంచనా మీద గుచ్చడానికి సమర్థనగా వాడుకోకూడదు. యంత్రం ఉన్నచోట దాన్ని పక్కన పెట్టి విద్యార్థి చెయ్యి తిరగడానికి రోగి మెడను వాడుకోవడం ఏ లెక్కన చూసినా ఒప్పుకోదగింది కాదు. శరీర నిర్మాణం తెలిసినవాడికే తెర అర్థమవుతుంది గనక రెండూ కలిపే నేర్పాలి, శిక్షణ కోసం చేసిన మనిషి బొమ్మ మీద.

చిత్రం ఎంత బాగున్నా పూర్తిగా తప్పించలేని ఇబ్బందులుంటాయి. ఊపిరితిత్తిలోని గడ్డ నుంచి సీటీలో చూస్తూ పరీక్షకు ముక్క తీసినప్పుడు (బయాప్సీ), ప్రతి అంగుళం తెర మీద కనిపిస్తున్నా, నూటికి ఇరవై మంది ప్రాంతంలో ఎంతోకొంత గాలి ఊపిరితిత్తి చుట్టూ చేరుతుంది. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. కొద్దిమందికి గొట్టం వేయాలి. ఎక్కువ కేసులు మొదటి గంటల్లోనే బయటపడతాయి కాబట్టి కొన్ని గంటలు ఉంచి, మళ్లీ ఛాతీ ఎక్స్‌రే తీసి పంపుతారు. ఆలస్యంగా తేలేవీ ఉన్నాయి. కోత లేని చికిత్సలన్నిటికీ ఈ మెలిక ఉంది: రోగి తొందరగా ఇంటికి చేరుతున్నాడు గనక ఇబ్బంది కూడా ఆసుపత్రిలో కాకుండా ఇంట్లోనో బస్సులోనో తలెత్తుతుంది. నగరంలో ఉండేవారికి అది ఆటో దూరం. మాచర్ల నుంచి వచ్చినవారికి దాదాపు మూడు గంటల ప్రయాణం. బయాప్సీ సాయంత్రం అయితే ఆ రాత్రికి గుంటూరులోనే, ఆసుపత్రికి దగ్గరగా ఉన్న లాడ్జిలోనో బంధువుల ఇంట్లోనో ఉండిపోవడం మేలు. ఉండటం కుదరకపోతే బయాప్సీ పొద్దున పెట్టించుకోవాలి. డిశ్చార్జి కాగితంతో పాటు చివరి ఎక్స్‌రేనూ, రాత్రిపూట పలికే ఫోన్ నంబరునూ అడిగి తీసుకోవాలి. హఠాత్తుగా ఆయాసమో ఛాతీలో పోటో వస్తే గుంటూరు దాకా ఆగకుండా దారిలో ఏ ఆసుపత్రిలో ఛాతీ గొట్టం వేస్తారో ఆ డాక్టరునే అడిగి, కాగితం వెనక రాయించుకోవాలి.